పాలగుజ్జు

నా చిగురుకి మత్తు సూది ఇచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక పిల్ల ఏడుస్తుందని నా భయం. నాకు భయాలు చాలా ఉన్నాయి. మోక్షితకి జ్వరమొస్తుందని, రోడ్డు దాటుతుంటే లారీ వస్తుందని, గ్యాస్ కట్టేశానో లేదోనని. ఇది వాటన్నిటికన్నా పెద్దది. అవి జరగకుండా పోవచ్చు. ఇది ఒకసారి జరిగింది. నేను ఒప్పుకుంటే మళ్లీ జరుగుతుంది, ఒప్పుకోకపోయినా ఆ పిల్లకి సుఖం లేదు.

మొదటినుంచీ చెబుతాను. లేకపోతే నాకే తికమకగా ఉంటుంది.

నా కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను మోక్షిత కడుపులో ఉన్నప్పుడు పుచ్చింది. కాన్పయ్యాక ఊళ్లో డాక్టరు రూట్ కెనాల్ చేశాడు. లోపలి నరం తీసేసి, వేళ్లలో ఉండే సన్నటి కాలువల్లో గులాబీరంగు మైనం నింపి, పైన తొడుగు వేశాడు. "ఈ పన్ను ఇక చచ్చిపోయిందమ్మా, దీనికి నొప్పి తెలీదు" అన్నాడు. ఏడేళ్లు తెలియలేదు. పోయిన చలికాలం అదే పన్ను మళ్లీ సలపడం మొదలుపెట్టింది.

మా ఆయన ఏడుకొండలు ట్రక్కు ఆటోలో కోల్డ్ స్టోరేజీకి మిరపకాయ బస్తాలు, మా వైపు టిక్కీలంటాం, తోలతాడు. ఆయనకి చెబితే నవ్వాడు.

"చచ్చిన పన్ను ఎట్టా నొప్పెడతదే? అదీ నీలాగే పంతం పట్టినట్టుంది."

"నవ్వు. రాత్రి నీకు కూర ఉండదు."

"అదుగో, పంతమంటే అదే."

మరునాడు ఆయనే బండిలో ఎక్కించుకుని ఊరవతల ఉన్న పళ్ల కాలేజీకి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టర్ సువర్చల గారు ఎక్స్‌రే తీసి, పాత మైనం అడుగుదాకా వెళ్లలేదని, కింద ఖాళీలో చీము చేరిందని చూపించారు. పాతది మొత్తం తీసి, కడిగి, మళ్లీ నింపాలన్నారు.

"నింపడం గంట పని. నింపింది తీయడం మూడు గంటల పని" అన్నారు. "కంగారు పడకండి, నాకు తొందరేం లేదు."

తొడుగు కోసి తీశారు. లోపల ఏదో నూనె చుక్కలు వేశారు. నోరంతా నారింజ తొక్క వాసన. మైనం మెత్తబడ్డాక వెంట్రుకంత సన్నటి, సూదిలాంటి ఫైలు దింపి తిప్పితే, గులాబీ పోగులు దానికి చుట్టుకుని వచ్చాయి. ఒక్కో పోగూ గుడ్డమీద తుడుస్తూ, మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి ఇంకా ఎంత మిగిలిందో చూస్తూ, మూడు కాలువలూ ఖాళీ చేశారు. ఆ ఓపిక చూసే నాకు ఆవిడంటే నమ్మకం కలిగింది.

అప్పుడు అడిగారు. "మీ పాపకి పాలపళ్లు ఊడుతున్నాయా?"

"రెండు ఊగుతున్నాయండీ."

"ఊడిన పంట్లో చిటికెడు గుజ్జు ఉంటుంది. కాసేపు బతికే ఉంటుంది. మేం దాన్ని గిన్నెలో పెంచుతున్నాం. మైనం బదులు అది నింపితే మీ పన్ను మళ్లీ బతుకుతుంది. మీ పాప కణాలు తొమ్మిది నెలలు మీ ఒంట్లో తిరిగినవే కదా, మీ ఒళ్లు వాటిని పరాయివి అనుకోదు."

ప్రయోగశాలలో అందరూ దాన్ని పాలగుజ్జు అనేవాళ్లు. నాలుగు పేజీల కాగితం చదువుకోమని ఇచ్చారు. నాకు పదో తరగతితో చదువు ఆగింది. సగం అర్థమైంది, మిగతా సగం డాక్టర్ గారి మొహం చూసి సంతకం పెట్టేశాను. కాలువల్లో అప్పటికి మందు పెట్టి మూసి, మూత గట్టిగా ఉండే చిన్న సీసా ఇచ్చారు. అందులో లేత ఎరుపు నీళ్లున్నాయి. పన్ను ఊడిన వెంటనే అందులో వేసి, అదే రోజు తెచ్చివ్వాలి.

సీసాని మోక్షిత బడిసంచీలో పెట్టి రోజూ అదే పాఠం చెప్పాను. "పన్ను ఊడితే పారెయ్యకు. సీసాలో వెయ్యి." వారం తిరక్కుండానే బడినుంచి పరిగెత్తుకొచ్చింది. కింది వరసలో ముందు పన్ను లేదు. సీసాలో పన్ను ఉంది. ఇంక నేను అనుమానించడానికి ఏముంది?

*

మూడు వారాలకి గుజ్జు పెరిగింది. మార్చిలో నింపారు.

ఏడేళ్ల తర్వాత ఆ పంటికి మజ్జిగ చల్లగా తగిలినరోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. మోక్షితని పిలిచి, నీ పన్ను నా నోట్లో బతికిందే అన్నాను. అది సంతోషపడుతుందనుకున్నాను. తలొంచుకుని వెళ్లిపోయింది. సిగ్గనుకున్నాను.

చిన్న చిన్న వింతలు అప్పటినుంచే ఉన్నాయి. పొద్దున పళ్లు తోముకోకముందే ఆ పంటికింద ఎండురొట్టెలాంటిది నలిగినట్టు ఉండేది. నేను వేడి అన్నం తింటుంటే అది చన్నీళ్లు తాగినట్టు జివ్వుమనేది. కొన్ని మధ్యాహ్నాలు నేను కడుపునిండా తిన్నా, ఆ పన్ను మాత్రం ఖాళీగా, ఏమీ నమలనట్టు ఉండేది. కొత్తగా బతికింది కదా, అలవాటు పడాలి కాబోలనుకున్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం బట్టలు మడత పెడుతున్నాను. ఉన్నట్టుండి ఆ పంట్లో ఎవరో మరిగే నీళ్లు పోసినట్టయింది. మంట కాదు, ఉడకడం. కేక వేసి కింద పడ్డానట. మోక్షిత ఏడుస్తూ పక్కింటికి పరిగెత్తింది. ఏడుకొండలు బండిమీద టిక్కీలుండగానే వచ్చి నన్ను వాటిమీదే కూర్చోబెట్టి కాలేజీకి తీసుకెళ్లాడు. కళ్లల్లో ఘాటు, పంట్లో ఆ నొప్పి.

డాక్టర్ గారు చూశారు. పంటికి ఏమీ కాలేదు. చిగురు ఎర్రబడనైనా లేదు.

"ఎన్నింటికి మొదలైంది?"

"సరిగ్గా మూడింటికి. గోడగడియారం కొట్టింది" అన్నాను.

పక్కన గిన్నెలు సర్దుతున్న టెక్నీషియన్ ఆగిపోయింది. "మేడం, మూడింటికి నేను పాత గిన్నె ఒకటి ఆవిరి యంత్రంలో పెట్టాను. వీళ్లదే. మిగిలిపోయిన గుజ్జు."

ఇంకో గిన్నె మిగిలి ఉంది. డాక్టర్ గారు నన్ను కుర్చీలో కిటికీవైపు తిప్పి కూర్చోబెట్టి, ఆ గిన్నె పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను బయట గోడమీది కాకిని చూస్తూ కూర్చున్నాను.

"చల్లగా తగిలింది" అన్నాను కాసేపటికి.

టెక్నీషియన్ గడియారం చూసి రాసుకుంది. మళ్లీ కాకి. మళ్లీ చల్లదనం. మూడోసారి గోరువెచ్చగా. డాక్టర్ గారు బయటికి వచ్చి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశారు. ఆవిడ చేతిలో ఐసుముక్క కరిగి నీళ్లు కారుతున్నాయి. ఆవిడకి ఆ సంగతే తెలియలేదు.

"ఒకే పంటి గుజ్జు రెండు చోట్ల ఉన్నా, దానికి ఒకే చోట ఉన్నట్టుంది" అన్నారు.

"ఎట్టాగండీ?"

"నాకు తెలీదమ్మా."

డాక్టర్లు ఆ మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ గిన్నెని ఆవిడ పారేయలేదు. వెచ్చటి పెట్టెలో పెట్టి, సెలవురోజుల్లో కూడా వచ్చి దానికి ఆహారం మార్చేవారని తర్వాత తెలిసింది.

అదే రోజు తీసిన ఎక్స్‌రేలో నా పంటి వేళ్ల కింద నల్లటి నీడ కనిపించింది. ఎముక కరుగుతోందట. "మీ ఒళ్లు ఈ గుజ్జుని తిప్పికొడుతోంది. అలా జరక్కూడదు. ఇది మీ పాపదే కదా?"

"మా పాపదే."

"అయితే నాకేం అర్థం కావట్లేదు. కానీ తీసెయ్యాలి. ఒక్కొక్క కాలువా తీద్దాం."

*

మైనం తీయడం నేను చూశాను కాబట్టి ఇదీ అలాగే అనుకున్నాను. కాదు. మైనం నూనెకి కరిగి ఫైలుకి చుట్టుకుంటుంది. ఇది కరగదు, గోడల్ని పట్టుకుంటుంది. డాక్టర్ గారు సూది ఇచ్చారు, దవడ మొద్దుబారింది. నోటికి రబ్బరు గుడ్డ కట్టి గంటసేపు గీకారు, కడిగారు, గీకారు. నాకు ఫైలు చప్పుడు తప్ప ఇంకేమీ తెలియలేదు. చివర్లో గుడ్డమీద ఎర్రటి పోగొకటి చూపించారు. కుంకుమపువ్వు రేకంత ఉంది. మొదటి కాలువ అయిపోయింది.

సాయంత్రం మత్తు దిగింది. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. నోరు కాస్త తెరిచే ఉంది. అయినా ఆ పన్ను బిగుసుకుంది. ఎవరో పళ్లు గట్టిగా కరిచిపెట్టి, వదిలి, మళ్లీ కరిచినట్టు. నేను కాదు. నా పళ్లు ఒకదానికొకటి తగలడమే లేదు. చీకటిపడేదాకా అలాగే బిగిసింది.

గిన్నెలోది నాకు తెలిసినప్పుడు, నా పంట్లోది ఆ పన్ను ఊడిన నోటికీ తెలుస్తుందేమో. నాకు మత్తు ఇచ్చారు. మరి నా కూతురికి?

లోపలికి పరిగెత్తాను. మోక్షిత టీవీ ముందు కూర్చుని జంతికలు కటకటా నములుతోంది.

"పన్ను నొప్పిగా ఉందా అమ్మా? నిజం చెప్పు."

"లేదే."

"ఇందాక కాలేజీలో ఉన్నప్పుడు? ఏమైనా గుచ్చినట్టు..."

"లేదంటున్నాగా. జరుగు, బొమ్మ కనపళ్లేదు."

ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తెచ్చి దాని నోట్లో పెట్టాను. నా పంటికి ఏమీ తగల్లేదు. ఇంకోటి పెట్టాను. లేదు. అది జంతిక కొరికినప్పుడల్లా నా దవడమీద చెయ్యి పెట్టుకుని చూశాను. ఏమీ లేదు. కొరుకుతున్నది ఇది, బిగుసుకుంటున్నది ఇంకోటి.

మోక్షిత నన్ను చూసి జంతికల గిన్నె కిందపెట్టింది.

"కొట్టనంటే ఒకటి చెప్తా."

"కొట్టను."

"ఒట్టెయ్యి."

"ఒట్టు. చెప్పు."

"నా పన్ను బడి మీద ఉంది."

"బడి మీద ఏంటి?"

"పైన. డాబా మీదికి విసిరా. నానమ్మ చెప్పిందిగా, ఊడిన పన్ను కప్పు మీదికి వెయ్యకపోతే కొత్తది రాదని. నువ్వేమో సీసాలో వెయ్యమంటివి."

"మరి సీసాలోది?"

"ఉరుకుందిది."

ఉరుకుందమ్మ మోక్షిత తరగతిలోనే చదివింది. కర్నూలు జిల్లా కోసిగి వైపునుంచి మిరపకాయలు కోయడానికి వచ్చినవాళ్ల పిల్ల. చేలో టార్పాలిన్ పట్టాతో గుడారం వేసుకుని నాలుగు నెలలున్నారు. ఆ నాలుగు నెలలూ మా బడికి వచ్చింది.

"దాని పన్ను నేనే ఊపి పీకా" అంది మోక్షిత. "తర్వాత అన్నం తింటుంటే నాదీ ఊడింది. రెండూ పైన వేద్దామన్నా. అప్పుడు మా అమ్మకి ఏం తీసుకెళ్లాలని ఏడుపొచ్చింది. అదేమో, 'మాది గుడారం గదా, మీదేస్తే జారి కిందికొస్తాది, కుక్క నోట కర్సకపోతాది. నాది మీయమ్మకియ్యి, నీది పైనేస్కో' అంది."

నేను కొట్టలేదు. కొట్టడానికి ఎవరున్నారు? నానమ్మ మాటా విన్నది, నా మాటా విన్నది. రెండు మాటలూ దక్కాలంటే ఏడేళ్ల పిల్లకి ఇంకో దారి ఏముంది?

"అమ్మా, దానికి కొత్త పన్ను వస్తుందా?" అని అడిగింది. ఆ నాలుగు నెలలుగా దాని భయం అదన్నమాట.

*

మరునాడు బడికి వెళ్లాను. మస్తానమ్మ టీచర్ రిజిస్టర్ తీశారు. ఉరుకుందమ్మ, రెండో తరగతి, తండ్రి పేరు ఈరన్న. ఏప్రిల్‌లో పేరు కొట్టేశారు. ఫోన్ నంబర్ రాసుంది. చేస్తే ఆ నంబర్ వాడుకలో లేదంది.

"మంచి పిల్లండీ" అన్నారు టీచర్. "లెక్కలు నోటితో చెప్పేది. రాయమంటే మాత్రం పెన్సిల్ కొరికేది."

ఆ పెన్సిల్ మాట వినగానే నా దవడకి చెయ్యి వెళ్లింది.

ఏడుకొండలు కోల్డ్ స్టోరేజీలో అడిగి అడిగి వాళ్లని తెచ్చిన మేస్త్రీ నంబర్ పట్టుకున్నాడు. నేనే మాట్లాడాను.

"ఈరన్న సంసారమా అక్కా? మాతోనే ఊరికొచ్చినారు. రెండు నెల్లుండి మొన్న మళ్ల పనికి పాయిరి. ఒగరు బెంగుళూరంటారు, ఒగరు హైదరాబాదంటారు. యాడికనేది మాకు చెప్పి పోలే."

"వాళ్ల పాపకి ఏమైనా పన్ను నొప్పుందా అన్నా?"

"నీకెట్ల తెల్సు? దవడకి గుడ్డ కట్టుకోని తిరుగుతాండె. ఒగనాడు మద్యాన్నం నిద్రలోంచి లేసి సుట్టూ తిరిగి అర్సింది. నోట్లో నిప్పు బెట్టినారని. వాళ్లమ్మ దిష్టి తీసింది."

ఆ మధ్యాహ్నం ఏదో నాకు తెలుసు. ఫోన్ ఏడుకొండలు చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయాను.

డాక్టర్ గారికి అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ప్రయోగం ఆపేస్తున్నామన్నారు, పై వాళ్లకి రాస్తానన్నారు. పోలీసులకీ, పిల్లల సంక్షేమం వాళ్లకీ ఆవిడే ఫోన్ చేశారు. వాళ్లు ఏం కేసని అడిగారట. పన్ను మారిపోయిందని చెబితే, తప్పిపోయిన పిల్లా, కాదా, అది చెప్పండి అన్నారట. తప్పిపోలేదు. వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఉంది. మాకే దొరకట్లేదు.

రెండో కాలువకి రమ్మన్నారు. నేను వెళ్లలేదు. మూడుసార్లు వెళ్లలేదు.

జులైనుంచి పంట్లో కొత్తగా ఒక అదురు. పొద్దున ఎనిమిదింటికి మొదలై ఒంటిగంటకి ఆగుతుంది. మళ్లీ రెండింటికి మొదలై సాయంత్రందాకా. ఆ పిల్ల కంకర మిషను దగ్గర ఉంటుందంటాడు ఏడుకొండలు. బియ్యం మిల్లు పక్కన ఉన్నవాళ్లకీ అలాగే ఉంటుందన్నారు టీచర్. నా చీమే అలా కొట్టుకుంటోందేమోనన్నారు డాక్టర్ గారు. చీముకి మధ్యాహ్నం అన్నం బెల్లు ఎలా తెలుస్తుందో ఆవిడా చెప్పలేకపోయారు.

ఆగస్టుకి దవడ వాచింది. జ్వరం. నేను ముట్టుకుంటే మోక్షిత కాలుతోందనేది. ఏడుకొండలు నవ్వడం మానేశాడు.

"ఆ పిల్ల ఎక్కడుందో తెలీదు. నువ్వు నా కళ్లముందు ఉన్నావు. నేనెవర్ని చూడాలే?"

"దానికి మత్తివ్వరు కదయ్యా."

"ఇప్పుడు మటుకు నీ నొప్పి దానికి లేదా? రోజంతా నువ్వు పడేది అదీ పడతానే ఉంటదిగా. తీయించుకుంటే రెండు గంటల్లో ఇద్దరికీ పోద్ది."

నేను ఆ వైపునుంచి ఆలోచించలేదు. ఉంచుకుంటే రోజూ నా నొప్పి ఆ పిల్లకి. తీయిస్తే ఒక్క పూట, కానీ ఏ మందూ లేకుండా, ఏం జరుగుతోందో కూడా తెలియకుండా. మొదటి కాలువప్పుడు అది ఎక్కడుందో, ఎవరి ఒళ్లో పడి ఏడ్చిందో. ఇందులో మంచిదేదో ఎవరైనా చెబితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

*

పోయిన ఆదివారం అన్నాలయ్యాక మంచంమీద పడుకున్నాను. మోక్షిత నా దవడవైపు చూస్తూ కూర్చుంది.

"అమ్మా, ఉరుకుందికి అన్నీ తెలుస్తాయా?"

"తగిలేవన్నీ తెలుస్తాయి."

"అయితే నోరు తెరువు."

చెంచా తెచ్చింది. తరగతిలో టీచర్ బోర్డువైపు తిరిగినప్పుడు మోక్షితా, ఉరుకుందీ పలకబలపంతో బల్లకింద కొట్టి మాట్లాడుకునేవాళ్లట. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. అంటే, ఉన్నావా? జవాబు ఒకటి, ఆగి రెండు. ఉన్నా.

చెంచా కాడతో నా పంటిమీద రెండు కొట్టింది. ఆగింది. ఒకటి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు, అంత నొప్పి.

"తల్లీకూతుళ్లు పంటికి ఫోన్ కలిపారా? రింగవుతుందా?" అన్నాడు ఏడుకొండలు గుమ్మంలోంచి.

ఏమీ లేదు. ఆదివారం కాబట్టి ఆ అదురు కూడా లేదు. మోక్షిత మళ్లీ కొట్టింది. నేను నోరు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాను.

అప్పుడు పన్ను ఒక్కసారి బిగిసింది. వదిలింది. ఆగింది. రెండుసార్లు, వెంటవెంటనే.

"ఏమందమ్మా?" మోక్షిత నా మొహంమీదికి వంగింది.

"ఉన్నానంది."

ఏడుకొండలు వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఏ ఊళ్లో ఉందో అడగవే" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి.

"దానికి కొట్టుడు లేదు నాన్నా" అంది మోక్షిత.

ఊరి పేర్లకి కొట్టుడు లేదు. ఒక్క రెండు గంటలు ఓర్చుకో అనడానికి లేదు. నా తప్పు క్షమించమనడానికి లేదు. ఉన్నావా, ఉన్నా. ఆ రెండే ఉన్నాయి. సాయంత్రందాకా అవే అడిగింది, అవే జవాబు వచ్చింది. ఒకసారి మోక్షిత ఏమీ అడక్కుండానే అటునుంచి రెండు, ఆగి ఒకటి వచ్చింది. మేమే ఉన్నామా అని.

సోమవారం డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి మిగతా రెండు కాలువలకీ ఒప్పుకున్నాను. ఒక్కటే అడిగాను. నాకు సూది ఇవ్వకుండా తీయమని.

"సగం నేను పడితే దానికి సగం తగ్గుతుందేమోనండీ."

"అలా పంచుకోవడం జరుగుతుందో లేదో నాకు తెలీదమ్మా. కానీ నొప్పికి మీరు తల కదిలిస్తే ఫైలు కాలువలో విరుగుతుంది. విరిగిన ముక్క తీయడానికి ఇంకో నాలుగు గంటలు. అప్పుడా పిల్ల ఏమవుతుంది?"

సూదికి ఒప్పుకున్నాను. శుక్రవారం పొద్దున రమ్మన్నారు. మోక్షితని లోపలికి రానిస్తామన్నారు. ఒక్కో ఫైలు మార్చే మధ్యలో అది నా పంటిమీద కొడుతుంది. మొద్దుబారి నాకు జవాబు తెలియదు, కానీ ఇటునుంచి వెళ్లేది మాత్రం ఆ పిల్లకి తెలుస్తుంది. ఆఖరి పోగు బయటికొచ్చేదాకా. ఆ తర్వాత ఆ పిల్ల ఉన్నదీ లేనిదీ నాకు తెలిసే దారి ఉండదు. వెచ్చటి పెట్టెలో గిన్నె ఉంది, కానీ గిన్నె ఎవరికీ ఏమీ చెప్పదు.

నేను సంతకం పెట్టిన కాగితంలో నా పేరుంది, డాక్టర్ గారి పేరుంది. ఆ పిల్ల పేరు ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉరుకుందమ్మ, తండ్రి ఈరన్న. ఏడేళ్లు. ఉరుకుంది అని పిలుస్తారు. కింది వరసలో ముందు పన్ను ఊడింది, ఈపాటికి కొత్తది వచ్చి ఉండాలి. దవడకి గుడ్డ కట్టుకుని ఉంటుంది. లెక్కలు నోటితో చెబుతుంది.

వచ్చే శుక్రవారం పొద్దున పదింటినుంచి పన్నెండుదాకా. మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే, మీరు పనికెళ్లే దారిలో కంకర మిషనో మిల్లో ఉంటే, ఇసుక కుప్పల దగ్గర, పట్టా గుడారాల కింద ఒకసారి తొంగి చూడండి. ఉరుకుందమ్మ దొరికితే ఆ రెండు గంటలు పక్కన కూర్చోండి. పంటిమీద ఎవరో కొడుతున్నారని చెబితే, కొట్టేది మోక్షిత అని చెప్పండి. పన్నెండింటికి తగ్గిపోతుందని చెప్పండి. ఒకవేళ ఆ పిల్ల ఇంకో పేరు చెప్పిందనుకోండి, వెంటనే వెళ్లిపోకండి. దవడకి గుడ్డ ఉంటే, ఎక్కడ నొప్పిగా ఉందని అడిగి, నోరు తెరిపించి చూసి రండి.